ఫ్రాంక్లిన్ సందేహం నుంచి మోకాలి చికిత్స వరకు: తొడకండర బలవర్ధనలో విద్యుదుద్దీపన, వ్యాయామాల సమన్వయ చరిత్ర

వ్యాససంగ్రహం:
క్షీణించిన కండరానికి విద్యుత్తు ద్వారా బలం చేకూర్చే ప్రయత్నాలు పద్దెనిమిదో శతాబ్దం మధ్యభాగంలో మొదలయ్యాయి. నాటి నుంచి నేటివరకు ఈ రంగాన్ని ఒక ప్రశ్న వెంటాడుతూనే ఉంది: రోగికి కలిగిన మేలు విద్యుత్తు వల్లనా, అతడు చేసిన వ్యాయామం వల్లనా? 1757లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఈ సందేహాన్ని స్పష్టంగా వ్యక్తం చేశాడు. దానికి పరీక్షకు నిలిచే సమాధానం ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదంలో, మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్నవారి తొడకండరాలపై జరిగిన అధ్యయనాలలో లభించింది. ఈ రెండు బిందువుల నడుమ సాగిన చరిత్రను పరిశీలించి, వ్యాయామానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన ప్రతిసారీ విద్యుదుద్దీపన నిరాశపరిచిందనీ, వ్యాయామానికి తోడుగా నిలిచిన చోటనే అది స్థిరపడిందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విద్యుదుద్దీపన, క్వాడ్రిసెప్స్ కండరం, ఫారడిక్ విద్యుత్తు, ఐచ్ఛిక సంకోచం, ఫాస్ఫోక్రియాటిన్, పునరావాస చికిత్స.

1. ఉపోద్ఘాతం:
తొడ ముందుభాగంలో ఎముకను కప్పుకొని ఉండే పెద్ద కండరసముదాయం క్వాడ్రిసెప్స్. నాలుగు తలలు గల ఈ కండరం మోకాలిచిప్ప మీదుగా ముంగాలి ఎముకకు అతుక్కొని ఉంటుంది. మోకాలిని చాచడం, కూర్చున్నచోటి నుంచి లేవడం, మెట్లు ఎక్కి దిగడం, నడకలో శరీరభారం మోకాలిమీద పడినప్పుడు అది ముడుచుకుపోకుండా ఆపడం దీని పనులు. మోకాలికి దెబ్బ తగిలినా, శస్త్రచికిత్స జరిగినా అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా వేగంగా చిక్కిపోయేది ఈ కండరమే. కీలు మానినా తొడ బలపడనందువల్ల నడక కుదుటపడనివారు ఎందరో కనిపిస్తారు.

ఈ కండరాన్ని బలపరచడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది వ్యాయామం: మెదడు ఆజ్ఞాపిస్తుంది, నాడి ఆ ఆజ్ఞను మోస్తుంది, కండరం సంకోచిస్తుంది. రెండోది విద్యుదుద్దీపన: చర్మంమీద ఉంచిన పలకల ద్వారా ప్రసరించిన విద్యుత్తు మెదడుతో నిమిత్తం లేకుండా నాడిని నేరుగా ఉత్తేజపరచి కండరాన్ని సంకోచింపజేస్తుంది. ఈ రెండు మార్గాలూ వేర్వేరు చోట్ల పుట్టి, వేర్వేరు చేతులలో పెరిగి, చాలా ఆలస్యంగా కలుసుకున్నాయి.

2. తొలినాటి ప్రయోగాలు - ఫ్రాంక్లిన్ సందేహం:
విద్యుత్తు స్వరూపం తెలియకముందే దాని స్పర్శ వైద్యానికి తెలుసు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, తలనొప్పికీ కీళ్లవాతానికీ విద్యుత్తును విడుదల చేసే టార్పెడో చేపను శరీరానికి తాకించమని రాశాడు. అది నొప్పికి చేసిన వైద్యమే గాని కండరబలానికి సంబంధించినది కాదు. కండరాల విషయంలో ప్రయత్నాలు సాగాలంటే విద్యుత్తును నిలవచేసి, కావలసినప్పుడు విడుదల చేయగల సాధనం కావాలి. 1745-46లో లైడెన్ జాడీ రూపంలో అది లభించింది.

జెనీవాకు చెందిన జ్యాఁ జాలబేర్ 1747 చివరలో, కుడిచేయి చచ్చుబడిన ఒక తాళాలపనివానికి విద్యుత్ చికిత్స ఆరంభించాడు. స్ఫులింగాలు తాకినప్పుడు ముంజేతి కండరాలు అదిరిపడటం అతడు గమనించాడు. కొన్ని వారాలలో చేతికి కదలికా పుష్టీ వచ్చాయని 1748లో ప్రకటించాడు. ఈ వార్త యూరప్ అంతటా ఆశ రేపింది. కాని పారిస్‌లో వికలాంగ సైనికులపై ఇటువంటి ప్రయత్నమే చేసిన నొలేకు అటువంటి ఫలితం దక్కలేదు. ఒకచోట పనిచేసినది మరొకచోట ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నకు నాడు జవాబు లేదు.

అట్లాంటిక్ ఆవల ఫిలడెల్ఫియాలో పక్షవాతరోగులు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన వైద్యుడు కాడు. విద్యుత్ పరిశోధకుడిగా వచ్చిన పేరే వారిని రప్పించింది. పెద్ద గాజుజాడీలలో నింపిన విద్యుత్తును చచ్చుబడిన అవయవం గుండా రోజుకు మూడుమార్లు ప్రసరింపజేసేవాడు. మొదటి రోజుల్లో ఆశ్చర్యకరమైన మార్పు కనిపించింది. మోకాలిమీది నుంచి చేయి ఎత్తలేనివాడు మరునాటికి నాలుగైదు అంగుళాలు ఎత్తగలిగాడు, మూడోనాటికి ఇంకా పైకి ఎత్తాడు. అయితే అయిదో రోజు తరవాత అభివృద్ధి ఆగిపోయింది. విద్యుదాఘాతాల బాధ ఓర్వలేక, నిరుత్సాహపడి రోగులు ఇళ్లకు వెళ్లిపోయారు. కొద్దికాలంలో యథాస్థితికి వచ్చారు.

ఈ అనుభవాన్ని ఫ్రాంక్లిన్ 1757 డిసెంబరులో వైద్యుడు జాన్ ప్రింగిల్‌కు రాసిన లేఖలో వివరించాడు. ఆ లేఖ మరుసటి సంవత్సరం రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. శాశ్వతమైన మేలు ఏదీ తాను చూడలేదని ఆయన ఒప్పుకున్నాడు. అంతటితో ఆగక, కనిపించిన తాత్కాలిక మేలులో కూడా విద్యుత్తు వాటా ఎంత అని శంకించాడు. రోజూ తన ఇంటిదాకా ప్రయాణించి రావడంలో రోగులకు కలిగిన వ్యాయామం, నయమవుతుందన్న ఆశతో వారు అవయవాన్ని మరింత బలంగా కదిలించడానికి చేసిన యత్నం - ఇవి ఆ మేలుకు ఎంతవరకు కారణమో తాను చెప్పజాలనన్నాడు. నిపుణుడైన వైద్యుని పర్యవేక్షణలో తగిన మందు, పథ్యాలతో కలిపి విద్యుత్తును ఇచ్చి ఉంటే నిలిచే ప్రయోజనం కలిగేదేమో అని కూడా ఊహించాడు.

ఈ లేఖలో రెండు విలువైన అంశాలున్నాయి. చికిత్సా ఫలితాన్ని దాని కారణాల వారీగా విడదీసి చూడాలన్నది ఒకటి. విద్యుత్తు ఒంటరిగా కాక ఇతర చికిత్సతో కలిసి పనిచేయవచ్చునన్నది రెండోది. ఈ రెండింటినీ పరీక్షకు పెట్టడానికి వైద్యశాస్త్రానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

3. కప్పతొడ నుంచి చాలకబిందువు దాకా:
విద్యుత్తుకూ కండరానికీ గల సంబంధం ప్రయోగశాలలో తేటపడింది ఒక తొడకండరం మీదనే కావడం విశేషం. బొలోన్యాలో లుయిజి గాల్వానీ 1780ల్లో కప్పల వెనుకకాళ్లను, వాటి నాడులతో సహా, వేరుచేసి ప్రయోగాలు సాగించాడు. నాడిని ఉత్తేజపరిస్తే తొడ ముడుచుకుంటుందని చూపి, ఆ శక్తి జీవిలోనే ఉందని 1791లో ప్రకటించాడు. అది భిన్నలోహాల స్పర్శవల్ల పుట్టినదేనని అలెస్సాండ్రో వోల్టా వాదించాడు. ఆ వాదన నుంచే 1800లో వోల్టా విద్యుద్ఘటం పుట్టింది. గాల్వానీ మేనల్లుడు జొవన్నీ ఆల్డీనీ 1803 జనవరిలో లండన్‌లో, ఉరితీయబడిన జార్జ్ ఫార్‌స్టర్ అనే నేరస్థుని దేహానికి విద్యుత్తు తగిలించినప్పుడు ముఖకండరాలు వంకరలు తిరిగాయి, పిడికిలి బిగిసింది, తొడలూ కాళ్లూ కదిలాయి. ప్రాణం పోయిన దేహంలోనూ కండరం కదలగలదంటే, సంకోచానికి సంకల్పం తప్పనిసరి కాదన్నమాట. జనం ఆ దృశ్యాన్ని చూసి భయపడ్డారు. వైద్యులకు మాత్రం అందులో ఒక అవకాశం కనిపించింది.

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణతో ఆ అవకాశం సాధనరూపం దాల్చింది. ప్రేరణచుట్ట నుంచి వెలువడే హ్రస్వమైన, వరుసైన స్పందాలకు ఫారడిక్ విద్యుత్తు అని పేరు వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు గియోమ్ డ్యుషెన్ తడిపిన ఎలక్ట్రోడులను చర్మానికి గట్టిగా అదిమితే విద్యుత్తు చర్మం దగ్గర చెదరిపోకుండా కోరిన కండరానికే చేరుతుందని గుర్తించాడు. 1855లో వెలువడిన ఆయన గ్రంథం ‘స్థానిక విద్యుదీకరణ’కు శాస్త్రస్థాయిని ఇచ్చింది. బెర్లిన్‌కు చెందిన రోబర్ట్ రెమాక్, ఉద్దీపనకు కండరం అంతటా సమానంగా స్పందించదనీ, కొన్ని బిందువుల వద్దనే స్పందన తీవ్రంగా ఉంటుందనీ చూపాడు. అవి చాలకనాడి కండరంలోకి ప్రవేశించే చోటులేనని 1857లో హ్యూగో ఫాన్ సీమ్సెన్ నిర్ధారించాడు. నేటి ఫిజియోథెరపిస్టు తొడమీద పలకను ఎక్కడ అతికించాలో నిర్ణయించేటప్పుడు వెతికేది ఈ చాలకబిందువులనే.

ఈ దశలో మరొక మౌలికమైన తేడా తెలిసివచ్చింది. నాడి తెగిపోయిన కండరం ఫారడిక్ స్పందాలకు స్పందించదు. దీర్ఘమైన స్పందాలకే మందంగా కదులుతుంది. నాడి చెక్కుచెదరక, ఆజ్ఞ మాత్రమే అందని కండరం ఫారడిక్ స్పందాలకు చక్కగా ముడుచుకుంటుంది. మోకాలి శస్త్రచికిత్స తరవాతి తొడకండరం ఈ రెండో కోవకు చెందినది. ఈ వ్యాసంలో ఇకపై చర్చించేది అటువంటి కండరాన్ని గురించే.

4. వ్యాయామానికి బదులుగా విద్యుత్తు:
శాస్త్రం ఒకవైపు సాగుతుండగా విపణి మరొకవైపు పరుగెత్తింది. 1850ల్లో పుల్వర్‌మాకర్ గొలుసులు యూరప్‌లో విరివిగా అమ్ముడుపోయాయి. ఒంటికి చుట్టుకుంటే చాలు సకల రుగ్మతలూ పోతాయని వాటి ప్రచారం. ఫ్లాబేర్ ‘మదాం బొవారీ’ నవలలో శాస్త్రజ్ఞానాన్ని డాబుగా ప్రదర్శించే మందులవ్యాపారి ఒమే ఆ గొలుసును తానే ధరిస్తాడు. సమకాలీన సమాజం ఆ వ్యామోహాన్ని ఎంత పరిహాసంగా చూసిందో ఈ పాత్ర తెలుపుతుంది.

ఇరవయ్యో శతాబ్దారంభంలో ఫ్రెంచి వైద్యుడు జ్యాఁ బెర్గోనియే స్థూలకాయులకోసం ఒక విద్యుత్ కుర్చీని రూపొందించాడు. అందులో కూర్చున్న వ్యక్తి తొడలూ పిరుదులూ పొట్టా పలకలకు ఆని ఉంటాయి. విద్యుత్తు ప్రసరించినప్పుడు ఆ కండరాలన్నీ ఒక్కసారిగా సంకోచిస్తాయి. కూర్చున్నచోటనే వ్యాయామం జరిగిపోతుందన్నది భావన. ఇదే భావన వేర్వేరు రూపాలలో మళ్లీ మళ్లీ అమ్మకానికి వచ్చింది. పొట్టకు చుట్టుకునే విద్యుత్ పట్టీలు వ్యాయామం లేకుండానే కండరాలు తీర్చిదిద్దుతాయని, బరువు తగ్గిస్తాయని ప్రకటించిన మూడు ఉత్పత్తుల వ్యాపారులపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో చర్య తీసుకొంది. సాధనాలు మారాయి గాని శ్రమ లేకుండా బలం అన్న ఆశ మారలేదు.

5. వ్యాయామధార:
విద్యుత్ చికిత్సకు సమాంతరంగా వ్యాయామ చికిత్స తన దారిన తాను పెరిగింది. 1813లో పెర్ హెన్రిక్ లింగ్ స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన వ్యాయామ విద్యాసంస్థ వైద్య వ్యాయామానికి ఒక క్రమాన్ని ఏర్పరచింది. అదే నగరంలో గుస్టావ్ జాండర్ యంత్రాల సాయంతో వ్యాయామం చేయించే పద్ధతిని రూపొందించాడు.

మొదటి ప్రపంచయుద్ధం ఈ రెండు ధారలనూ ఒకే వైద్యశాలలోకి తెచ్చింది. గాయపడిన సైనికుల సంఖ్య అంతకుముందెన్నడూ లేనంతగా పెరిగింది. లండన్ శస్త్రవైద్యుడు రౌలీ బ్రిస్టో 1917లో కీళ్లు, కండరాల గాయాల చికిత్సపై గ్రంథం ప్రకటించాడు. అందులో ఆయన ప్రతిపాదించినది క్రమానుగత సంకోచ పద్ధతి. ప్రేరణచుట్టలోనికి ఇనుపకడ్డీని మెల్లగా తోస్తూ, వెనక్కి లాగుతూ సంకోచాన్ని కొద్దికొద్దిగా పెంచి తగ్గించడం దాని విధానం. కండరం కుదుపుకు లోనుకాకుండా సహజమైన కదలికను పోలిన రీతిలో పనిచేయాలన్నది ఆశయం.

రెండో ప్రపంచయుద్ధకాలంలో తూకం వ్యాయామంవైపు మొగ్గింది. చికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో థామస్ డిలార్మ్, మోకాలి గాయాలతో వచ్చిన సైనికుల తొడకండరాలను భారీ బరువులతో బలపరచి 1945లో ఫలితాలు ప్రకటించాడు. తేలికపాటి కదలికలు అనేకసార్లు చేయడం వల్ల ఓర్పు పెరుగుతుందే గాని బలం పెరగదనీ, బలానికి క్రమంగా పెంచే బరువు కావాలనీ ఆయన వాదన. 1948లో ఆర్థర్ వాట్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని మూడు దఫాల వ్యాయామంగా స్థిరపరిచాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును ప్రమాణంగా తీసుకొని, అందులో సగం, ముప్పాతిక, పూర్తి బరువులను వరుసగా పదేసిసార్లు ఎత్తడం ఆ పద్ధతి. కండరబలం సంకోచతీవ్రతపై ఆధారపడుతుందన్న ఈ సూత్రం తరవాతి కాలంలో విద్యుదుద్దీపనను అంచనా వేయడానికి గీటురాయి అయింది.

6. సోవియట్ ప్రయోగం - యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన:
1970ల్లో విద్యుదుద్దీపనకు మళ్లీ ప్రాభవం వచ్చింది. సోవియట్ శాస్త్రవేత్త యాకొవ్ కోట్స్ క్రీడాకారులపై జరిపిన ప్రయోగాలను 1971లో రష్యన్ భాషలో ప్రకటించాడు. 1977లో మాంట్రియల్‌లోని కాంకోర్డియా విశ్వవిద్యాలయంలో జరిగిన సోవియట్-కెనడా శాస్త్రవిషయ వినిమయంలో ఆయన తన పద్ధతిని వివరించాడు. సెకనుకు 2500 ఆవర్తనాల ఏకాంతర విద్యుత్తును సెకనుకు 50 స్పందగుచ్ఛాలుగా విడగొట్టి ఇవ్వడం, పది సెకన్ల సంకోచం, యాభై సెకన్ల విరామం, ఇలా పది నిమిషాలు - ఇదీ ఆ పద్ధతి. దీనివల్ల మేటి క్రీడాకారుల బలం 40 శాతం వరకు పెరిగిందని, స్వయంగా చేయగల గరిష్ఠ సంకోచం కన్నా విద్యుత్తుతో వచ్చే సంకోచమే బలమైనదని ఆయన ప్రకటన. మూలపత్రాలు రష్యన్‌లోనే ఉండిపోగా, ఆ ప్రసంగాల సారాంశాల ఆధారంగానే పాశ్చాత్యదేశాలలో ‘రష్యన్ కరెంటు’ యంత్రాలు వెలిశాయి.

కోట్స్ పద్ధతిలో పది సెకన్ల పనికి యాభై సెకన్ల విరామం ఎందుకు? వరుసగా పది సంకోచాలలో బలం తగ్గకుండా ఉండటానికి ఎంత విరామం కావాలో కొలిచి ఆయన ఈ నిష్పత్తిని ఎంచుకున్నాడు. ఆ కొలత వెనుక ఉన్న రసాయన కారణం అంతకు నలభై ఏళ్లకు మునుపే తెలిసింది. దానిని వెల్లడించినవారిలో ఒకరు తెలుగువాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉనికిని ప్రకటించారు. కండరాన్ని ఉత్తేజపరచి పనిచేయించినప్పుడు ఈ పదార్థం విచ్ఛిన్నమవుతుందనీ, విశ్రాంతి లభించినప్పుడు తిరిగి తయారవుతుందనీ వారు చూపారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని వేరుగా గుర్తించారు. కండరసంకోచానికి లాక్టికామ్లమే మూలమన్న అప్పటి సిద్ధాంతం దీనితో సడలింది.

తీవ్రమైన సంకోచపు తొలి క్షణాలలో కండరానికి వెచ్చమయ్యే శక్తిని వెంటవెంటనే భర్తీచేసేది ఫాస్ఫోక్రియాటిన్. పది సెకన్లలో అది గణనీయంగా తరిగిపోతుంది. తిరిగి నిండటానికి విరామం తప్పనిసరి. విరామం కుదిస్తే తరవాతి సంకోచాలు నీరసిస్తాయి. నీరసించిన సంకోచం బలాన్ని పెంచదు. ఈనాటి తొడకండర ఉద్దీపన పద్ధతులలో సంకోచం కన్నా విరామం అనేక రెట్లు దీర్ఘంగా ఉండటానికి ఇదే కారణం. ఎదురుగా ఉన్న యంత్రం ఖాళీగా ఉందనిపించే ఆ విరామంలోనే కండరం మళ్లీ పనికి సిద్ధమవుతుంది.

7. పోలికకు నిలిచిన అధ్యయనాలు:
కోట్స్ ప్రకటించిన 40 శాతం వృద్ధిని చాలామంది పాశ్చాత్య పరిశోధకులు ఆరోగ్యవంతులలో తిరిగి రాబట్టలేకపోయారు. 1983లో కరియర్, మాన్‌లు ఆరోగ్యవంతుల క్వాడ్రిసెప్స్‌పై ఫ్రాంక్లిన్ సందేహాన్ని నేరుగా పరీక్షించారు. వ్యాయామం మాత్రమే చేసినవారు, విద్యుదుద్దీపన మాత్రమే పొందినవారు, రెండింటినీ కలిపి పొందినవారు, ఏదీ చేయనివారు అని నాలుగు వర్గాలు చేసి పోల్చారు. మొదటి మూడు వర్గాలకూ బలం పెరిగింది. కాని ఆ మూడింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. తన కండరాన్ని తాను పూర్తిగా ఆజ్ఞాపించగలవానికి విద్యుత్తు కొత్తగా ఇచ్చేదేమీ లేదని తేలింది.

మోకాలి శస్త్రచికిత్స జరిగినవారిలో కథ వేరు. స్వీడన్‌లో ఎరిక్సన్, హాగ్‌మార్క్‌లు 1979లో, మోకాలి బంధకాలకు పెద్ద శస్త్రచికిత్స చేయించుకున్న కొద్దిమందిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గం కదలికలేని సంకోచవ్యాయామం మాత్రమే చేసింది. రెండో వర్గం దానికి విద్యుదుద్దీపనను జోడించింది. జోడించిన వర్గంలో కండరక్షీణత తక్కువగా, పనితనం మెరుగ్గా కనిపించింది. లింగ్ వ్యాయామధార పుట్టిన దేశంలోనే అది విద్యుత్ ధారతో కలిసింది. 1988లో డెలిట్టో బృందం ముందు క్రూసియేట్ బంధక శస్త్రచికిత్స జరిగిన 20 మందిపై జరిపిన అధ్యయనమూ ఉద్దీపనకే అనుకూలంగా వచ్చింది.

ఈ వరుసలో అత్యంత నిర్ణాయకమైనది 1995లో లిన్ స్నైడర్-మాక్లర్ బృందం ప్రకటించిన అధ్యయనం. అదే శస్త్రచికిత్స పొందిన 110 మందిని యాదృచ్ఛికంగా నాలుగు వర్గాలుగా విభజించారు: తీవ్రస్థాయి విద్యుదుద్దీపన 31 మందికి, తీవ్రమైన ఐచ్ఛిక వ్యాయామం 34 మందికి, తక్కువస్థాయి ఉద్దీపన 25 మందికి, తీవ్ర-తక్కువ స్థాయిలు రెండూ కలిపి 20 మందికి. గమనించవలసిన విషయం ఏమంటే, నాలుగు వర్గాలవారూ పాదం నేలకు ఆనించి చేసే కఠినమైన వ్యాయామాలు చేశారు. అంటే విద్యుత్తు ఇక్కడ వ్యాయామానికి బదులుగా కాక దానిపై అదనంగా వచ్చింది. నాలుగు వారాల తరవాత, బాగున్న కాలి బలంతో పోలిస్తే తీవ్రస్థాయి ఉద్దీపన ఉన్న రెండు వర్గాల క్వాడ్రిసెప్స్ బలం సగటున 70 శాతం లేదా అంతకు మించి ఉంది. ఐచ్ఛిక వ్యాయామవర్గంలో అది 57 శాతం. తక్కువస్థాయి ఉద్దీపన వర్గంలో 51 శాతం మాత్రమే. నడకలో మోకాలి కదలిక ఎంత సహజంగా ఉందన్నది క్వాడ్రిసెప్స్ బలంతో నేరుగా ముడిపడి ఉందని కూడా తేలింది.

ఈ అంకెలు రెండువైపుల నుంచీ మాట్లాడతాయి. కేవలం వ్యాయామమే చాలునన్న వాదాన్ని 57 శాతం బలహీనపరుస్తుంది. కేవలం విద్యుత్తు తగిలితే చాలునన్న నమ్మకాన్ని 51 శాతం కొట్టివేస్తుంది. కండరం గట్టిగా సంకోచించేంత తీవ్రతలో ఇచ్చినప్పుడే ఉద్దీపన పనిచేసింది. డిలార్మ్ బరువుల విషయంలో చెప్పిన సూత్రమే ఇక్కడా నిలిచింది.

8. తేడాకు కారణం:
ఆరోగ్యవంతునికి అక్కరకు రాని విద్యుత్తు మోకాలిరోగికి ఎందుకు పనికివచ్చింది? 1965లో డి ఆండ్రేడ్ బృందం మోకాలికీలులోకి ద్రవం ఎక్కించి, కీలు ఉబ్బినప్పుడు క్వాడ్రిసెప్స్ సంకోచం దానంతటదే అణగిపోతుందని చూపింది. వాచిన కీలు నుంచి వెన్నుపాముకు చేరే సంకేతాలు తొడకండరానికి వెళ్లే ఆజ్ఞను అడ్డుకుంటాయి. రోగికి సోమరితనం లేదు, పట్టుదల కొరవడలేదు. ఆజ్ఞ దారిలోనే ఆగిపోతోంది. విద్యుత్తు ఆ అడ్డంకికి ఆవల, చాలకనాడిని నేరుగా తాకుతుంది. అందువల్ల సంకల్పం చేరలేని కండరభాగాన్ని కూడా అది పనిలోకి దించగలదు.

మరి విద్యుత్తు ఒక్కటే ఎందుకు చాలదు? ఎల్వుడ్ హెన్‌మన్ పరిశోధనలు దీనికి కొంత జవాబిస్తాయి. ఐచ్ఛిక సంకోచంలో చిన్న చాలకనాడీకణాలు ముందుగా, పెద్దవి తరవాత పనిలోకి దిగుతాయి. అవి వంతులవారీగా పనిచేస్తూ అలసటను పంచుకుంటాయి. విద్యుదుద్దీపనలో ఈ క్రమం ఉండదు. పలక కింద అందుబాటులో ఉన్న తంతువులే ప్రతిసారీ, అన్నీ ఒకేసారి సంకోచిస్తాయి. అందుచేత కండరం త్వరగా అలసిపోతుంది. లోతున ఉన్న తంతువులకు పని అందదు. పైగా లేవడం, నడవడం, మెట్లు దిగడం అనేవి ఒక్క కండరం పనులు కావు. అనేక కండరాలను సమయానుగుణంగా కూర్చే ఆ నేర్పు మెదడు అభ్యాసంతోనే సంపాదిస్తుంది.

కాబట్టి రెండు పద్ధతుల లోపాలు పరస్పరం పూరకాలు. ఈ సమన్వయాన్ని 2012లో స్టీవెన్స్-లాప్స్‌లీ బృందం కృత్రిమ మోకాలికీలు అమర్చుకున్నవారికి విస్తరించింది. ఈ శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలో క్వాడ్రిసెప్స్ తన బలంలో సగానికి పైగా కోల్పోవడం పరిపాటి. 66 మందితో జరిగిన ఆ అధ్యయనంలో ఒక వర్గానికి సాధారణ పునరావాస వ్యాయామం, మరొక వర్గానికి దానికి తోడు శస్త్రచికిత్స జరిగిన 48 గంటలకే మొదలుపెట్టి రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు వారాల ఉద్దీపన ఇచ్చారు. రెండో వర్గం ముందుగానే మెరుగుపడింది. ఏడాది గడిచేసరికి తేడా తగ్గినా పూర్తిగా చెరిగిపోలేదు.

ప్రతికూల వాదనను కూడా ఇక్కడ పేర్కొనడం న్యాయం. 2005లో బాక్స్ బృందం క్వాడ్రిసెప్స్ ఉద్దీపనపై అంతవరకు వచ్చిన యాదృచ్ఛిక అధ్యయనాలను సమీక్షించింది. ఏ వ్యాయామమూ చేయకపోవడం కన్నా ఉద్దీపన మేలనడానికి పరిమితమైన ఆధారమే ఉందని, అధిక సందర్భాలలో ఐచ్ఛిక వ్యాయామమే మరింత ఫలవంతమని పేర్కొంది. తీవ్రమైన ఉద్దీపన నొప్పిగా ఉంటుంది. అందరూ దానిని ఓర్చుకోలేరు. ఫ్రాంక్లిన్ రోగులు ఇళ్లకు వెళ్లిపోయిన కారణం నేటికీ తొలగిపోలేదు.

9. ముగింపు:
తెలుగునాట ఫిజియోథెరపీ గదికి వెళ్లడాన్ని చాలామంది ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. ఈ వాడుకలో రోగి పాత్ర లేదు. అతడు పడుకుంటాడు, యంత్రం పనిచేస్తుంది. అంతేకాక నొప్పి తగ్గించడానికి ఇచ్చే విద్యుత్తునూ, కండరాన్ని సంకోచింపజేయడానికి ఇచ్చే విద్యుత్తునూ ఈ మాట ఒకటిగా చేస్తుంది. మొదటిదానిలో చర్మం చిమచిమలాడితే చాలు. రెండోదానిలో తొడకండరం కళ్లకు కనిపించేలా గట్టిపడాలి. చిమచిమను బలంగా భావించి వ్యాయామం మానుకున్న రోగి నష్టపోయేది తన నడకనే. రెండున్నర శతాబ్దాల చరిత్ర హెచ్చరించేది ఇదే.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- కండరాలపై విద్యుత్ చికిత్స తొలిదశలోనే, దాని ఫలితంలో వ్యాయామం వాటా ఎంత అన్న ప్రశ్నను 1757లో ఫ్రాంక్లిన్ లేవనెత్తాడు. దానిని పరీక్షించగల పోలిక అధ్యయనాలు రెండు శతాబ్దాలకు పైగా గడిచాకనే వచ్చాయి.
- గొలుసు, కుర్చీ, పట్టీ అన్న రూపాలలో వ్యాయామానికి బదులుగా వచ్చిన విద్యుత్ సాధనాలు శాస్త్రపరీక్షకు నిలవలేదు.
- తన కండరాన్ని పూర్తిగా ఆజ్ఞాపించగల ఆరోగ్యవంతునికి ఉద్దీపన వల్ల వ్యాయామాన్ని మించిన లాభం కనిపించలేదు. కీలు వాపువల్ల ఆజ్ఞ అణగిన తొడకండరానికి, వ్యాయామంతో జోడించిన తీవ్రస్థాయి ఉద్దీపన స్పష్టమైన మేలు చేసింది.
- మేలు సంకోచతీవ్రతపైనా, విరామంపైనా ఆధారపడి ఉంటుంది. విరామం ఆవశ్యకతను వివరించే కండరరసాయన పరిజ్ఞానానికి యల్లాప్రగడ సుబ్బారావు కృషి పునాదులలో ఒకటి.

రోజూ తన ఇంటికి ప్రయాణించి రావడం వల్లనే రోగులు బాగుపడుతున్నారేమోనని ఫ్రాంక్లిన్ సందేహించాడు. ఆ సందేహంలో సగం నిజమని తరవాతి పరిశోధన తేల్చింది. నడక ఆగిపోయిన తొడను మళ్లీ నడక దాకా తీసుకువెళ్లడం విద్యుత్తు పని. ఆపైన నడవడం మనిషి పని.